ఖలూఫ్ తీరంలో రెండు రాత్రులు గుడారం: పోటు వేళలు, సబ్ఖా, టైర్ల గాలి

అమెరాత్_వాసి
డిసెంబరు రెండో వారంలో మస్కట్ నుంచి మూడు బండ్లలో, ఒమన్ అరేబియా సముద్ర తీరంలోని జాలర్ల ఊరు ఖలూఫ్ వెళ్దామని ఆలోచన. పెద్దవాళ్ళం ఆరుగురు, పిల్లలు నలుగురు. బండ్లు ఒక ప్రాడో, ఒక పజేరో, ఒక టూసాన్. గురువారం మధ్యాహ్నం బయలుదేరి, రాత్రికి ఖలూఫ్ చేరి, అటునుంచి అటే తీరం వెంట దక్షిణంగా తెల్ల దిబ్బల దాకా వెళ్ళి గుడారాలు వేయాలని లెక్క. శనివారం తిరుగు ప్రయాణం.
తెలియాల్సినవి ఇవి. తీరం వెంట బండి నడపడానికి ఏ వేళ సరైనది? టైర్లలో గాలి ఎంత ఉంచాలి? నీళ్ళు ఎన్ని తీసుకెళ్ళాలి? ఇసుకలో గుడారం మేకులు నిలుస్తాయా? ఇంకోటి, మ్యాపులో బర్ అల్ హిక్మాన్ ద్వీపకల్పం మీదుగా నేరుగా చక్రాల జాడలు కనిపిస్తున్నాయి. ఆ దారి వాడొచ్చా?

పోటుపాటు
ముందు మీ లెక్కలో ఒకటి మార్చుకోండి. రాత్రిపూట తీరం దారి పట్టకండి. మస్కట్ నుంచి ఖలూఫ్ 400 కిలోమీటర్ల పైమాటే. డిసెంబరులో అక్కడ సాయంత్రం 5:30 దాటితే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం బయలుదేరితే మీరు చేరేసరికి చీకటి. హెడ్‌లైట్ల వెలుగులో తడి ఇసుక, నీటి పొర, మెత్తటి బురద మూడూ ఒకేలా మెరుస్తాయి. అలల మట్టం అంచనాకు రాదు.

ఇక పోటు సంగతి. అక్కడ రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈరోజు వేళ కంటే రేపటిది దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రెండు పాట్లూ ఒకే లోతుకు దిగవు, ఒకటి బాగా దిగితే రెండోది తక్కువ దిగుతుంది. పగటివేళ పడే పాటు ఆ రెండింటిలో ఏదో పట్టికలో చూసుకోండి. దగ్గరి మసీరా దీవి పేరుతో ఉన్న పట్టిక ఈ తీరానికి దగ్గరగా సరిపోతుంది, కానీ వేళల్లో అరగంట తేడా ఉంటుందనుకునే లెక్క వేసుకోండి.

ఇంట్లో గోడకి తెలుగు క్యాలెండర్ ఉంటే అదీ పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి దాటాక రెండూ మందగిస్తాయి. బండి నడపడానికి వెడల్పు తీరం పెద్ద పాటప్పుడే దొరుకుతుంది. గుడారానికి ముప్పూ ఆ రోజుల్లోనే.

నీరు ఎక్కే వేగం ఆరు గంటలూ సమానంగా ఉండదు. ఎక్కాల్సిన ఎత్తును పన్నెండు భాగాలు చేస్తే గంటకు వరసగా 1, 2, 3, 3, 2, 1 భాగాలు. ఉదాహరణకు ఎత్తు 2.4 మీటర్లు అనుకోండి. మొదటి గంటలో 20 సెంటీమీటర్లు, రెండో గంటలో 40, మూడు నాలుగు గంటల్లో 60 చొప్పున. తీరం వాలు 50 మీటర్లకు 1 మీటరు ఉన్నచోట 60 సెంటీమీటర్లు ఎక్కడమంటే నీటి అంచు గంటలో 30 మీటర్లు లోపలికి వచ్చినట్టు. ఇరుక్కున్న బండిని తవ్వడానికి అరగంట పడితే 15 మీటర్ల తీరం పోతుంది.

కాబట్టి పాటు అడుగుకు చేరడానికి రెండు గంటల ముందు బయలుదేరాలి. అడుగు దాటిన గంటన్నరలోపు గట్టి నేల మీద ఉండాలి. నీరు దిగుతుండగా వెళ్తే ఇరుక్కున్నా ఇంకా టైము ఉంటుంది. ఎక్కుతుండగా ఇరుక్కుంటే ఉండదు.

జగిత్యాల_బండి
అన్నా, టూసాన్ గురించి ముందే చెప్తున్న, దాన్ని దిబ్బల్లకు తీస్కపోవద్దు. నాలుగు చక్రాలకు శక్తి పోయినా దానికి లో రేంజ్ గేర్లు ఉండయి, కింద ఎత్తు తక్కువ. మెత్తటి ఇసుకల పది నిమిషాలు గుంజితే గేర్‌బాక్సు, క్లచ్ వేడెక్కి కంప్యూటరే శక్తి కట్ చేస్తది. ఊరి దగ్గర గట్టి జాగల పెట్టుకోవాలె.

గాలి లెక్క రోడ్డు మీద ఉన్నంత వాడకున్రి. సామాను నిండిన ప్రాడో, పజేరోకు తడి తీరం మీద 18 పీఎస్ఐ, దిబ్బల దగ్గర 15. నాలుగు టైర్లకు ఒకే తీరుగ తియ్యాలె. గాలి తీస్తే టైరు అడ్డంగా పరుచుకునుడు కంటే పొడుగుగ ఎక్కువ పరుచుకుంటది, యుద్ధ ట్యాంకు గొలుసు లెక్క. బరువు ఎక్కువ జాగ మీద పడ్తది, అందుకే దిగబడదు. ఎండకు, నడకకు టైరు వేడెక్కితే రెండు మూడు పీఎస్ఐ పెరుగుతది, గేజ్ పెట్టి మళ్ళ చూడాలె.

గాలి తీసినంక 40 దాటి నడపొద్దు. స్టీరింగ్ ఒక్కసారి తిప్పొద్దు. బ్రేక్ తొక్కకుండ, యాక్సిలేటర్ వదిలిపెట్టి బండి దానంతట అదే ఆగేటట్టు చూడున్రి. బ్రేక్ తొక్కితే చక్రం ముందల ఇసుక కుప్పైతది, మళ్ళ కదల్నీకి ఆ కుప్ప ఎక్కాలె. ఆపేటప్పుడు ముక్కు వాలు దిక్కు ఉండాలె. ట్రాక్షన్ కంట్రోల్ తీసేయిన్రి, లేకుంటే మధ్యల శక్తి కట్ చేస్తది.

ఇసుకదారి
ఇరుక్కుంటే 12కి దించి బయటకు రావచ్చు కదా? అది కూడా రాయాలి.

జగిత్యాల_బండి
రావచ్చు, కానీ బయటికొచ్చినంక వెంటనే 15కు నింపాలె. 12 కాడ మలుపు తిప్పితే టైరు అంచు రిమ్ము మీది నుంచి ఊడుతది. ఇసుకల ఊడిన టైరు ఎక్కియ్యాలంటే జాకీ కింద మందపు చెక్క పలక కావాలె, అది లేకపోతే జాకీనే ఇసుకల దిగుతది. 40 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్క డిక్కీల ఏసుకోన్రి.

చక్రం తిరుగుతున్నా బండి కదలట్లేదంటే ఆ క్షణమే కాలు తియ్యాలె. ఇంకో ఐదు సెకన్లు తొక్కితే ఇరుసు ఇసుక మీద కూర్చుంటది. అప్పుడు పనికొచ్చేది పార. చక్రాల ముందటి ఇసుక, బండి కింద పొట్టకు తగిలే ఇసుక తీసి, ప్లాస్టిక్ పలకలు చక్రం కిందికి వాలుగ దూర్చాలె. ఎన్కకు వచ్చుడే మేలు, ఎందుకంటే అక్కడ మీ చక్రాలు ముందే అణగ్గొట్టిన దారి ఉంటది.

గుంజే తాడు సాగే తాడు అయితే గుంజుడు మెత్తగ ఉంటది. దాన్ని కట్టాల్సింది ఛాసిస్‌కు బోల్టులేసిన కొక్కేనికి మాత్రమే. ఎన్క ట్రెయిలర్ గుండుకు కట్టొద్దు. ఆ గుండు తెగితే ఫిరంగి గుండులెక్క వస్తది, మనుషులు చచ్చిపోయిన్రు దానితోని. తాడు పొడుగుకు ఒకటిన్నర రెట్లు దూరంల మనిషి ఉండొద్దు, పిల్లలైతే ఇంకా దూరం.

కంప్రెసర్ సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టకున్రి, ఫ్యూజ్ పోతది. క్లిప్పులు బ్యాటరీకే తగిలించి, ఇంజన్ నడుస్తుండగ నింపాలె.

ఉప్పుగాలి
ఇప్పుడు ఆ మ్యాపులో జాడల సంగతి. బర్ అల్ హిక్మాన్ మీదుగా అడ్డదారి పట్టకండి. అది సబ్ఖా.

సబ్ఖా అంటే పైన ఉప్పు పెచ్చు, కింద తడి బురద. నేల మట్టం సముద్ర మట్టానికి కాస్తే పైన ఉండడంతో భూగర్భ నీరు అడుగు లోతులోనే ఉంటుంది. ఎండకి ఆ నీరు పైకి పీల్చబడి ఆవిరవుతుంది, ఉప్పూ జిప్సమూ మిగిలి పైన పెచ్చులా గట్టిపడతాయి. కాలితో తొక్కితే సిమెంటు నేలలా ఉంటుంది. రెండు టన్నుల బండి ఎక్కితే పెచ్చు విరిగి ఇరుసుదాకా జారుతుంది. ఇసుకలో ఇరుక్కుంటే గాలి తీస్తే వస్తుంది. సబ్ఖాలో గాలి తీసినా రాదు, చుట్టూ బురద చక్రాన్ని పీలుస్తుంది. రెండో బండి దగ్గరకొస్తే అదీ దిగుతుంది. నేల ముదురు రంగులో ఉన్నా, చెమర్చినట్టు కనిపించినా, పెచ్చు బుడగల్లా లేచి ఉన్నా అది తడి. మీరు చూసిన జాడ ఎప్పటిదో మ్యాపు చెప్పదు. పెద్ద పోటు తర్వాతో, వాన తర్వాతో నిన్నటి గట్టి దారి ఇవాళ మెత్తబడుతుంది.

ఆ ద్వీపకల్పం చిత్తడి నేలల అభయారణ్యం కూడా. చలికాలంలో లక్షల్లో ఉల్లంకి పిట్టలు, పీత ప్లవర్లు, ఫ్లెమింగోలు దిగుతాయి. పులికాట్ చూసినవాళ్ళకి ఆ గుంపుల ఊహ ఉంటుంది, కానీ ఇక్కడ పీతలు తినే ప్లవర్ల సంఖ్య ప్రపంచంలోనే పెద్దది. పోటప్పుడు అవి నీరు అందని గట్టు మీద గుంపుగా ఆగుతాయి. బండి దగ్గరకెళ్ళి లేపితే తిండికీ విశ్రాంతికీ ఉన్న ఆ కాస్త వ్యవధి పోతుంది. వేల కిలోమీటర్లు ఎగరడానికి దాచుకున్న కొవ్వు అది. లోపలికి వెళ్ళాలంటే పర్యావరణ అధికారుల అనుమతి అడిగి, వాళ్ళు చెప్పిన దారిలోనే వెళ్ళండి.

అమెరాత్_వాసి
అడ్డదారి ఆలోచన వదిలేశాను. టూసాన్ ఊరి దగ్గరే ఉంచుతాం. అలాంటప్పుడు గుడారాలు దిబ్బల దగ్గర కాకుండా ఊరికి కాస్త దూరంలో తీరంపైనే వేసి, దిబ్బలు పగలు రెండు బండ్లలో చూసి రావడం మంచిదా?

పోటుపాటు
పిల్లలతో అదే మంచి పద్ధతి. గుడారం చోటు ఎంచుకునేటప్పుడు నాచు, చెత్త పేరుకున్న గీతలు చూడండి. ఒక గీత కాదు, రెండు మూడు ఉంటాయి. అన్నిటికంటే పైన, ఎండి తెల్లబడిన నాచు ఉన్న గీతే పెద్ద పోటు ఎక్కిన చోటు. దానికి పైన ఇంకో మనిషి నడుమెత్తు ఉండేలా వేయండి. వాగు సముద్రంలో కలిసే నోటి దగ్గర వద్దు. కొండల్లో వాన పడితే ఇక్కడ మబ్బు లేకపోయినా నీరు వచ్చేస్తుంది.

జాలర్ల పికప్‌లు తెల్లవారకముందే తీరం వెంట తిరుగుతాయి. పడవలు లాగే చోట, చక్రాల జాడలు ఎక్కువగా ఉన్న చోట గుడారం వేస్తే వాళ్ళకీ ఇబ్బంది, మీకూ ప్రమాదం. ఊరి ఇళ్ళకు కనిపించనంత దూరం జరగండి. సలాం చెప్పి, ఇక్కడ ఉండవచ్చా అని అడిగితే మంచి చోటు వాళ్ళే చూపిస్తారు.

గాలిమర
గుడారం గురించి. మామూలు సన్న మేకులు ఇసుకలో ఒక్క గాలికే లేచిపోతాయి. చౌకగా నిలిచేది సంచి లంగరు. గుడ్డ సంచి లేదా బియ్యం బస్తా ముక్కలో అయిదారు కిలోల ఇసుక నింపి, తాడు మధ్యలో కట్టి, 40 సెంటీమీటర్ల లోతు గోతిలో పెట్టి పూడ్చి తొక్కండి. గుడారానికి ఎనిమిది తాళ్ళుంటే ఎనిమిది సంచులు. తాడు నేలతో 45 డిగ్రీల కన్నా పడుకుని ఉండాలి. నిటారుగా ఉంటే సంచి పైకి లేస్తుంది. పూడ్చేముందు గోతిలో కాసిని నీళ్ళు పోస్తే తడి ఇసుక ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఈ తీరంలో గాలి రెండు రకాలు. పగటిపూట సముద్రం నుంచి వచ్చే గాలి సంగతి అందరికీ తెలుసు. డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా ఉత్తరం నుంచి నేల మీదుగా వచ్చే బలాత్ ఇంకొకటి. అది ఎడారి ఇసుకను సముద్రం వైపు తోస్తుంది. సాయంత్రం సముద్రపు గాలిని చూసి గుమ్మం ఉత్తరానికి పెట్టినవాళ్ళ గుడారం రాత్రికి ఇసుకతో నిండుతుంది. గుమ్మం తూర్పుకో పడమరకో పెట్టండి. ఉత్తరం వైపు బండిని అడ్డంగా నిలపండి. గాలి 40 కిలోమీటర్ల వేగం దాటుతుందని సూచన ఉంటే డోమ్ గుడారం వద్దు, ప్రయాణం వాయిదా వేయండి.

తేమ ఎక్కువ. తెల్లారేసరికి పై గుడ్డ తడిసి నీరు కారుతుంది. చలి అనుకుని కిటికీలన్నీ మూసేస్తే లోపల ఊపిరి తేమే గోడల మీద చేరి పరుపులు తడుస్తాయి. రెండు వైపులా జాలి కాస్త తెరిచి ఉంచండి.

కోనసీమ_వంట
నీళ్ళండి. తాగడానికి మనిషికి రోజుకు 5 లీటర్లు, వంటకీ గిన్నెలకీ చేతులకీ ఇంకో 3. పది మందికి రెండు రోజులకి 160 లీటర్లు. ఇంకో రోజు ఇరుక్కుపోతే తాగడానికే 50 లీటర్లు విడిగా. 20 లీటర్ల డబ్బాలు పదకొండు. ఒకే బండిలో పెట్టకుండా పంచండి. బండి ఆగిపోతే నీళ్ళూ ఆ బండితోనే ఆగిపోకూడదు.

గిన్నెలు ముందు ఇసుకతో రుద్ది సముద్రపు నీటిలో కడిగేసి, మంచినీళ్ళతో ఒక్కసారి తొలిస్తే చాలు.

ఐసు పెట్టెలో ఐసు ముక్కల కంటే 1.5 లీటర్ల సీసాలు గడ్డకట్టించి పెట్టడం మేలు. కరిగితే తాగే నీళ్ళే, సరుకు తడవదు. పెట్టెలు రెండు ఉంచండి. పిల్లలు కూల్‌డ్రింకు కోసం గంటకోసారి తెరిచే పెట్టె వేరు, చేప, పెరుగు ఉన్న పెట్టె వేరు. మొదటి రోజుకి పులిహోర చాలు, పొయ్యి వెలిగించే పని ఉండదు.

గ్యాస్ పొయ్యికి గాలి తగలకుండా రేకు అడ్డు పెడతారు కదా, అది డబ్బా చుట్టూ తిప్పకండి. వేడి లోపలే చేరి డబ్బా పేలుతుంది. గాలి వచ్చే వైపు మాత్రమే పెట్టాలి, డబ్బా ఉన్న వైపు తెరిచి ఉండాలి.

చేప అక్కడే కొనుక్కోండి. డిసెంబరులో వంజరం దొరుకుతుంది. దాన్ని పట్టకూడని కాలం ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 దాకా. లాబ్‌స్టర్ ఎవరైనా అమ్మబోతే తీసుకోకండి. అది పట్టే అనుమతి మార్చి, ఏప్రిల్ నెలలకే.

ఇసుకదారి
బొగ్గుల మంట అయిపోయాక ఇసుక కప్పేస్తే సరిపోతుంది కదా, నీళ్ళు వృథా చేయక్కర్లేదు.

కోనసీమ_వంట
అది మాత్రం వద్దండి. ఇసుక కప్పితే వేడి బయటికి పోక నిప్పు చల్లారదు, లోపల గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటుంది. పైన చూస్తే మామూలు ఇసుకే. పొద్దున్నే చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లల కాళ్ళు అక్కడే కాలతాయి. ఇనుప పళ్ళెం లేదా సగం కోసిన డ్రమ్ములో నేలకి ఎత్తుగా మంట వేసి, సముద్రపు నీళ్ళు పోసి ఆర్పి, బూడిద సంచిలో తెచ్చుకోవాలి. చుట్టుపక్కల ఎండు పొదలు విరవద్దు, అక్కడి ఇసుక నిలిచేది ఆ వేళ్ళ మీదే. కట్టెలు మస్కట్‌లోనే కొనండి.

చలికి బొగ్గుల కుంపటి గుడారంలోకి తీసుకెళ్ళడం అసలే వద్దు. దాని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

దుబాయ్_తెలుగు
దుబాయ్ నుంచి వచ్చే వాళ్ళకి: బండి బీమాకు ఒమన్ విస్తరణ ఉండాలి, ఆరెంజ్ కార్డు అంటారు. అద్దె బండి అయితే కంపెనీ అనుమతి పత్రం కూడా. ఇంకో మాట, ఇదే రెండు రాత్రులకి రస్ అల్ హద్ వైపు వెళ్తే తాబేళ్ళు కూడా చూడొచ్చు కదా?

ఉప్పుగాలి
రస్ అల్ హద్ దగ్గర తాబేళ్ళు చూసే చోటు రస్ అల్ జింజ్ అభయారణ్యం, అందులో గుడారం వేయడానికి వీల్లేదు. అక్కడ గైడుతోనే చూడాలి. గుడ్లు పెట్టే తాబేళ్ళు ఎక్కువగా వచ్చేది జూన్ నుంచి సెప్టెంబరు. ఆ నెలల్లో ఖలూఫ్ వైపు నైరుతి గాలి హోరెత్తుతుంది, గుడారానికి పనికిరాదు. ఎక్కడైనా తాబేలు జాడ, ట్రాక్టరు చక్రంలాంటి గీతలు ఇసుకలో కనిపిస్తే ఆ చోట టార్చి, మంట, బండి ఏదీ వద్దు. వెలుగు చూసి తాబేలు పిల్లలు సముద్రం వదిలి నేల వైపు పాకుతాయి.

అక్టోబరులో అనుకునేవాళ్ళు తుపాను సూచన చూడకుండా కదలొద్దు. అరేబియా సముద్రంలో తుపాన్లకు మే, జూన్ ఒక కాలం, అక్టోబరు, నవంబరు ఇంకో కాలం. హికా తుపాను మాత్రం 2019 సెప్టెంబరు చివర ఇదే అల్ వుస్తా తీరంలో దుక్మ్ దగ్గర నేలను తాకింది.

అమెరాత్_వాసి
పిల్లలు నీళ్ళలో దిగితే భయపడాల్సినవి ఏమిటి?

పోటుపాటు
లోతు తక్కువ నీటిలో టేకు చేపలు ఇసుక కప్పుకుని పడుకుంటాయి. అడుగులు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. ముల్లు గుచ్చితే, చర్మం కాలనంత వేడి, 45 డిగ్రీల లోపు నీళ్ళలో గంట, గంటన్నర ఉంచితే ఆ విషానికి నొప్పి తగ్గుతుంది. పక్కవాళ్ళు ముందు తమ చేయి పెట్టి చూడాలి, దెబ్బ తగిలిన కాలికి వేడి తెలియదు. ముల్లు పొట్టలోనో ఛాతీలోనో దిగితే లాగకుండా ఆసుపత్రికి. ఒడ్డున పడి ఉన్న సముద్రపు పాము చచ్చినట్టుంటుంది, ముట్టుకోవద్దు. శంఖంలాంటి అందమైన కోన్ గవ్వలు బతికి ఉంటే విషం కొడతాయి. పొద్దున బూట్లు దులిపి తొడగండి, తేలు ఉండొచ్చు. నక్కలు చెప్పులు, తిండి ఎత్తుకెళ్తాయి, రాత్రి అన్నీ బండిలో పెట్టండి.

అత్యవసరానికి 9999. ఊరు దాటాక సిగ్నల్ ఉండదని లెక్క వేసుకోండి. ఎవరో ఒకరికి మస్కట్‌లో మీ దారి, తిరిగొచ్చే గంట రాసిచ్చి, ఆ గంట దాటితే ఫోను చేయమని చెప్పండి.

గాలిమర
మలవిసర్జన గురించి ఎవరూ రాయలేదు. నీటి అంచుకి 60 మీటర్ల పైన, పిల్లలు తిరగని వైపు. ఎడారి ఇసుకలో సూక్ష్మజీవులు తక్కువ, కాగితం నెలలు గడిచినా కుళ్ళదు, గాలికి బయటపడుతుంది. కాగితం, డైపర్లు మూత గట్టి డబ్బాలో తిరిగి తెచ్చుకోవాలి. మూత ఉన్న బకెట్టు, సంచి, గుప్పెడు రంపపు పొట్టు అన్నిటికన్నా శుభ్రం.

అమెరాత్_వాసి
మార్చిన లెక్క ఇది. గురువారం చీకటి పడేలోపు ఖలూఫ్ చేరేలా పొద్దున్నే బయలుదేరుతాం, మహూత్ దగ్గర హిజ్‌లో పెట్రోలు నింపుతాం. గుడారాలు ఊరికి అవతల, ఎండిన నాచు గీత పైన. శుక్రవారం పాటు పట్టికలో 11:40 అనుకుందాం. 11కి రెండు బండ్లలో బయలుదేరి, దిబ్బల దగ్గర రెండు గంటలు గడిపి తిరిగి వస్తాం. సరేనా?

పోటుపాటు
చివరిదే సరి కాదు. 11కి బయలుదేరి అరగంట నడిపి, రెండు గంటలు గడిపితే 1:30కి తిరుగు ప్రయాణం మొదలవుతుంది. అప్పటికి నీరు ఎక్కడం మొదలై దాదాపు రెండు గంటలు. మీరు దారిలో ఉండగానే మూడో గంట, ఎక్కువగా ఎక్కే గంట. 9:40కి కదలండి, తిరిగి 12:30కల్లా అక్కడినుంచి బయలుదేరండి, 1:10కి గట్టి నేల ఎక్కండి. అంత లోపల కదలలేకపోతే దిబ్బల పై భాగానికి బండ్లు ఎక్కించి, తర్వాతి పాటుదాకా అక్కడే ఉండాలి, అది చీకట్లో వస్తుంది. అందుకే ఆ పూట కూడా మనిషికి 5 లీటర్ల నీళ్ళు, దుప్పట్లు ఆ రెండు బండ్లలోనే ఉండాలి.

జగిత్యాల_బండి
తారు రోడ్డు ఎక్కేముందే 35కు నింపాలె అన్నా. తక్కువ గాలితోని తారు మీద 100 నడిస్తే టైరు గోడ వేడెక్కి చిరుగుతది. ఇంటికి పోయినంక బండి కింది భాగం మంచినీళ్ళతోని కడగాలె, చక్రాల లోపలి దిక్కు, బ్రేకుల కాడ, ఛాసిస్ లోపలి మూలలకు పైపు పెట్టి. అదే రోజు కడగాలె, ఉప్పు నీళ్ళు ఎండితే పెచ్చు అంటుకుంటది.